దిక్కులు నేర్పు దాగుడుమూత

తెలుగున ‘దిక్కు’ అను మాటకు రెండర్థములు కలవు. తూర్పు పడమరలు దిక్కులు. ఆపదలో ఆదుకొనువాడును దిక్కే. ‘దిక్కు తోచలేదు’ అన్నప్పుడు ఆ రెండర్థములును ఒక్కటైపోవును. భూమి దస్తావేజులలో నేటికిని తూర్పు, దక్షిణము, పడమర, ఉత్తరము అని నాలుగు హద్దులును వ్రాయుచునే యున్నారు. అయినను ఫోనులోని బాణపుగుర్తు వెంట నడచుటకు అలవడిన బాలుని, ‘మీ యింటి వాకిలి ఏ దిక్కునకున్నది?’ అని అడిగినచో తడుముకొనును. గమ్యము చేరుటయే కాని త్రోవ తెలియుట లేదు. ఈ కొరతను అదే పరికరముతో, ఆటరూపమున, తీర్పవచ్చునని చూపునది జియోకాషింగ్ అను క్రీడ.

దీని పుట్టుక చిత్రమైనది. అమెరికా ప్రభుత్వము జి.పి.ఎస్. ఉపగ్రహములనుండి పౌరుల కందు సంకేతములలో బుద్ధిపూర్వకముగా కొంత దోషమును కలుపుచుండెడిది. దానివలన స్థాననిర్ణయమున నూరు మీటర్ల వరకు తేడా వచ్చుచుండెను. 2000 మే నెల 2వ తేదీన ఆ దోషమును తొలగించిరి. మరునాడే ఆరెగాన్ రాష్ట్రమున బీవర్‌క్రీక్ అను ఊరి చెంత డేవ్ అల్మర్ అను నతడు ఒక బొక్కెనను అడవిలో దాచి, దాని ఉనికిని ప్రకటించెను: ఉత్తర అక్షాంశము 45 డిగ్రీల 17.460 నిమిషములు, పశ్చిమ రేఖాంశము 122 డిగ్రీల 24.800 నిమిషములు. అందులో పుస్తకములు, చిక్కుడుగింజల డబ్బా మొదలైనవి యుండెను. ఒకటి తీసికొన్నవాడు మరియొకటి ఉంచవలెనని నియమము. కొలది దినములలోనే మైక్ టీగ్ అను నతడు దానిని కనుగొనెను. ఆ నెలలోనే ఆటకు పేరును కలిగెను. ‘జియో’ యనగా భూమి; ‘కాష్’ యనగా దాచిన సొమ్ము.

దాచుట, వెదకుట అంతకుముందును కలదు. 1854లోనే ఇంగ్లండునందలి డార్ట్‌మూర్ బీడులలో జేమ్స్ పెరట్ అను మార్గదర్శి, అంతదూరము నడచి వచ్చినవారు తమ పేరు చీటీల నుంచుటకు ఒక సీసాను అమర్చెను. ఉపగ్రహము తోడగుటయే క్రొత్త.

ఈ క్రీడలో చదువుకు మిక్కిలి పనికివచ్చునది పలు మజిలీల వేట. ఇందు పేటిక యున్న చోటు మొదట చెప్పరు. తొలి మజిలీ మాత్రమే చెప్పుదురు. అచ్చట శిలాఫలకముపై చెక్కిన సంవత్సరమో, మెట్ల లెక్కయో ఆధారముగా రెండవ మజిలీని గణింపవలెను. కాశీమజిలీ కథలలో మజిలీకొక కథ. ఇచ్చట మజిలీకొక లెక్క.

ఆ లెక్క యెంత సూక్ష్మమో చూడుడు. అక్షాంశమున ఒక నిమిషము సుమారు 1,852 మీటర్లు. దశాంశ బిందువు తరువాతి మూడవ అంకెలో ఒకటి మారినచో రెండు మీటర్లకు కొంచెము తక్కువ తేడా వచ్చును. 460 అను దానిని తడబాటున 640 అని వ్రాసికొన్న బాలుడు 333 మీటర్ల దూరమున వెదకుచుండును. రేఖాంశపు నిమిషమట్లు స్థిరముగా నుండదు. భూమధ్యరేఖపై సుమారు 1,855 మీటర్లున్నది బీవర్‌క్రీక్ కడ 1,300 మీటర్లకు తగ్గును. గ్లోబుపై రేఖలు ధ్రువముల కడ ఏల కలిసికొనుచున్నవో కాళ్లతో నేర్చుకొన్నవాడు మరచునా?

మూడవ మజిలీలో పరికరమును జేబులో నుంచి దిక్సూచిని పట్టవలసివచ్చును. ‘ఉత్తరమునుండి కుడివైపుగా 60 డిగ్రీలు తిరిగి 500 మీటర్లు నడువుము’ అని చీటీలో నుండును. ఐదు డిగ్రీలు తప్పినచో కొసకు 44 మీటర్లు ప్రక్కకు పోవుదురు. అదియు గాక సూది చూపు ఉత్తరము వేరు, భూమి అసలు ఉత్తరము వేరు. ఆరెగానులో ఆ రెంటికిని సుమారు 15 డిగ్రీల భేదము. తెలుగునాట అది మిక్కిలి స్వల్పము. దూరమునకు అడుగుల లెక్కయే ఆధారము. 1865లో టిబెట్టునకు బయలుదేరిన నైన్ సింగ్, ఒకే తీరున అడుగులు వేయుచు, నూరు పూసల జపమాలతో వానిని లెక్కించి, దేశమునే కొలిచెను. విద్యార్థికి నూరు మీటర్ల త్రాడు చాలును. తన అడుగు లెన్నియో తెలిసికొనును.

రాత్రియందు ధ్రువనక్షత్రము కలదు. అది క్షితిజమునకు ఎన్ని డిగ్రీల యెత్తున కనబడునో అదియే ఆ చోటి అక్షాంశము. బీవర్‌క్రీక్‌లో 45 డిగ్రీలు. తెలుగుదేశమున 13 మొదలు 20 వరకు. చాచిన చేతి పిడికిలి సుమారు పది డిగ్రీల కొలత యగుటచే ఇందుకు యంత్రమక్కరలేదు.

కడపటి మజిలీలో మరియొక పాఠము. కనీసము నాలుగు ఉపగ్రహముల సంకేతములందినగాని జి.పి.ఎస్. స్థానమును సరిగా నిర్ణయింపలేదు. దట్టమైన చెట్లక్రింద, ఎత్తైన గోడల నడుమ అది కొన్ని మీటర్లు తప్పును. పరికరము చోటికి చేర్చును. పేటికను చూపునది కన్నే.

ఉపాధ్యాయులు కొన్ని జాగ్రత్తలు పాటింపవలెను. స్థలము గలవారి అనుమతి లేక ఏదియు దాచరాదు. రైలుకట్టలు, బావులు, పాడుబడిన కట్టడములు పనికిరావు. పెట్టెపై ఇది యేమియో స్పష్టముగా వ్రాయవలెను. లేనిచో చూచినవారు భయపడుదురు. తొలి బొక్కెనలో ఆహారముండినను నేటి నియమములు దానిని నిషేధించుచున్నవి. జంతువులు వాసన పట్టును.

పిల్లలను జట్లుగా పంపి, ఒకనికి దిక్సూచి, ఒకనికి లెక్క, ఒకనికి అడుగుల గణన అప్పగించి, ప్రతి మజిలీలోను పనులు మార్చవలెను. మొదటి మజిలీలో దొర్లిన తప్పు నాలుగవదానిలో బయటపడును. అప్పుడు ఉపాధ్యాయుడు త్రోవ చూపక, తప్పెచ్చట జరిగెనో వారినే వెనుకకు నడచి వెదకనీయవలెను. పేటికలోని పెన్సిలు ముక్క విలువ స్వల్పమే. ఛార్జి తీరిన ఫోనుతో తెలియని చోట నిలువవలసివచ్చిన నాడు, వెనుకకు నడచి తప్పును దిద్దుకొను ఆ నేర్పే వారికి దిక్కగును.