కొల్లేటికి గూడబాతులు, పెడనకు ఎండ

కైకలూరు: వానలు వెనకపట్టు పట్టి, గట్ల మీద రెల్లు పూసి, కాల్వల్లో నీళ్లు నిండుగా పారే రోజులివి. ఆశ్వయుజం వచ్చిందంటే కొల్లేటి లంకల్లో జనం ఆకాశం వంక చూస్తారు. పెడనలో అద్దకం పనివారూ ఆకాశం వంకే చూస్తారు. లంకలవారు చూసేది గూడబాతుల కోసం. అద్దకంవారు చూసేది ఎండ కోసం.

గుడివాడ జంక్షన్ నుంచి ఒక రైలు మార్గం కైకలూరు మీదుగా భీమవరం వైపు పోతుంది. మరొకటి పెడన మీదుగా బందరు చేరుతుంది. దసరా సెలవుల్లో రెండు రోజులు వీలు చేసుకుంటే ఒకరోజు పక్షులను, మరునాడు అచ్చు పనిని చూసి రావచ్చు. ఎక్కడెక్కడినుంచో వచ్చి చూసిపోయే ఈ రెండింటినీ మన పల్లెలవారు చూడకపోవడం విచారకరం.

తెల్లవారకముందే గట్టెక్కాలి

కైకలూరు పక్కనే ఉన్న ఆటపాక పక్షుల కేంద్రానికి పొద్దెక్కాక వెళితే లాభం లేదు. తూర్పు తెల్లబడేసరికి గట్టు మీద ఉండాలి. ముందుగా లేచేవి నీటికాకులు. ఆ తరువాత కొంగలు. ఎండ పొడ తగిలి గాలి వేడెక్కాక గూడబాతులు బరువుగా రెక్కలు కొట్టి పైకి లేస్తాయి. రెక్కలు చాస్తే ఈ కొసనుంచి ఆ కొసకు ఏడెనిమిది అడుగులుంటుంది. ఇంత పెద్ద పక్షి నీళ్లమీద వాలేటప్పుడు కాళ్లు ముందుకు చాచి జారుకుంటూ ఆగడం పిల్లలకు మంచి వినోదం.

ఎర్రకాళ్ల కొంగ తీరు వేరు. ముక్కు సగం తెరిచి నీళ్లలో పెట్టి అటూ ఇటూ ఆడిస్తుంది. చేప తగిలిందా, ముక్కు మూసుకుంటుంది. గూడబాతు ముక్కు కింది సంచితో వలవేసినట్టు తోడుకుంటుంది. ఒకే నీటిలో ఇద్దరు బెస్తలు, రెండు రకాల వేట.

సాధారణంగా అక్టోబరులో మొదలయ్యే గూళ్ల సందడి మార్చి దాకా సాగుతుంది. కొల్లేటిలో ఇది ఇవాళ్టి మాట కాదు. 1946లో కె.కె. నీలకంఠన్ అనే కేరళ పక్షి శాస్త్రజ్ఞుడు ఈ ప్రాంతంలో గూడబాతుల గూళ్లను చూసి, ఆ వివరాలను 1949లో ప్రకటించారు. సుమారు 308 చదరపు కిలోమీటర్ల కొల్లేటిని 1999లో ప్రభుత్వం అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల రామ్‌సార్ చిత్తడి నేలల జాబితాలో కొల్లేరు చేరింది.

ఫొటో తీసేవారికి నాలుగు మాటలు

ఇప్పుడు కెమేరా లేని ఇల్లు లేదు. సెల్‌ఫోనే కెమేరా. దానితో దూరపు పక్షి చుక్కలా పడుతుందని నిరుత్సాహపడనవసరం లేదు. పక్షి ఒక్కదానినే కాక దాని చుట్టూ ఉన్న నీటిని, తుంగను, పొగమంచును కలిపి తీస్తే అదే మంచి బొమ్మ. సూర్యుడు మన వీపు వెనక ఉంటే పక్షి రంగులు తేటగా వస్తాయి. సూర్యునికి ఎదురుగా తీస్తే నల్లని నీడబొమ్మ వస్తుంది. ఈ నీడబొమ్మను పారేయవద్దు. దానితో పని ఉంది, చివర చెబుతాము.

అన్నిటికన్నా ముఖ్యం ఓపిక. ఒకచోట అరగంట కదలకుండా కూర్చుంటే పక్షి మనను గట్టులో భాగంగా లెక్కవేస్తుంది. పక్షి ఎగిరే ఫొటో కావాలని చప్పట్లు కొట్టడం, రాళ్లు విసరడం చేయరాదు. గూట్లోంచి తల్లి లేస్తే గుడ్లకు, బొచ్చు మొలవని పిల్లలకు ఎండదెబ్బ తగులుతుంది. కాకులు, గద్దలు కాచుకుని ఉంటాయి. ఒక్క ఫొటో కోసం ఒక గూడు పోగొట్టడం న్యాయం కాదు. అలా బెదిరించడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి కూడా విరుద్ధం.

రైతుకూ నష్టమే, పక్షికీ కష్టమే

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. చేపల చెరువు రైతుకు గూడబాతు చుట్టం కాదు. మేత ఖరీదు పెట్టి పెంచిన చేపను అది గుటుక్కున మింగుతుంది. అందుకే టపాకాయలు కాల్చి తోలేవారున్నారు. వారి బాధ అబద్ధం కాదు. కాని పక్షి చెరువు మీద వాలడానికి కారణం, అది వేటాడుకునే సరస్సు కుదించుకుపోవడమే. సరస్సు లోపల వెలసిన చెరువుల గట్లను 2006లో పెద్దఎత్తున కొట్టివేసినా ఆక్రమణల కథ అంతటితో ముగియలేదు.

కొల్లేరు పక్షులకే అవసరమనుకోవడం పొరపాటు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే వరదను పట్టి, మెల్లగా ఉప్పుటేరు ద్వారా సముద్రానికి వదిలే గిన్నె అది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు, ఆ నీరు దిగువకు చేరి లంక గ్రామాలనూ ముంచింది. గిన్నెలో చోటు తగ్గితే నీరు ఇళ్లలో చోటు వెతుక్కుంటుంది. ఆ సంగతి లంకలవారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

పెడనలో అచ్చు చప్పుడు

పెడన వీధుల్లో పాకల ముందు నిలబడితే టక్, టక్ మని వినిపిస్తుంది. టేకు దిమ్మె మీద చెక్కిన అచ్చును రంగులో అద్ది గుడ్డ మీద పెట్టి, పిడికిలితో గుద్దే చప్పుడది. కలంకారీ అంటే కలంతో చేసే పని. శ్రీకాళహస్తిలో నేటికీ కలమే పట్టుకుంటారు. బందరు, పెడన పద్ధతిలో కలానికి బదులు అచ్చు వచ్చింది. పారశీక దేశపు వర్తకం నాటి తీగలు, పూలు ఇప్పటికీ ఆ అచ్చుల మీద కనిపిస్తాయి. చిలుకలు, నెమళ్లు, హంసలు సరేసరి.

పని తీరు తెలుసుకోదగినది. ముందుగా గుడ్డను ఉతికి కరక్కాయ నీటిలో ముంచి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం కలిపి నీటిలో పులియబెడితే నల్లరంగు సిద్ధమవుతుంది. కరక్కాయ వగరు, ఇనుము కలిసినచోట గీత నల్లగా తేలుతుంది. ఎరుపు కావలసినచోట పటిక నీటిని అచ్చు వేస్తారు. అప్పటికి ఎరుపు కనబడదు. గుడ్డను రంగుచెక్కతో కలిపి రాగి కాగులో ఉడికించినప్పుడు పటిక పడినంత మేరా ఎర్రబడుతుంది.

మధ్యలో గుడ్డను పారే నీటిలో జాడించాలి. నిలవనీటిలో జాడిస్తే ఊడిన రంగు తిరిగి గుడ్డకే అంటుతుంది. కాబట్టి కాల్వ పారాలి, ఎండా కాయాలి. వానాకాలంలో నీరుంటుంది గాని ఎండ నమ్మకం లేదు. వేసవిలో ఎండ ఉంటుంది గాని కాల్వకు నీరుండదు. రెండూ కలిసివచ్చేది ఈ రోజుల్లోనే. ఆ తరువాత తుపాను భయం ఉండనే ఉంది.

ఈ పనికి అసలు పోటీ స్క్రీన్ ప్రింటు. అదే పువ్వును రసాయన రంగుతో క్షణాల్లో వేసి, తక్కువ ధరకు కలంకారీ పేరుతోనే అమ్ముతున్నారు. కొనేవారు కాస్త పరకాయించి చూడాలి. చేతి అచ్చులో ఒక దిమ్మె మరో దిమ్మెను కలిసేచోట వెంట్రుకవాసి తేడా ఉంటుంది. అది లోపం కాదు, మనిషి చేసిన పని అనడానికి గుర్తు. ఆ గుర్తుకు విలువ కట్టేవారు లేకపోతే చెక్కే చేతులు వేరే పని వెతుక్కుంటాయి.

ఇంట్లోనే అచ్చు వేయండి

పిల్లలకు ఈ సెలవుల్లో ఒక పని. గట్టు మీద నడిచేటప్పుడు రాలిన రావి ఆకు ఒకటి ఏరి తెండి. ఈనెలు ఉబ్బెత్తుగా ఉన్న వెనకవైపున పలుచగా రంగు రాసి, కాగితంపై బోర్లించి, పైన గుడ్డపెట్టి అరచేతితో ఒత్తండి. ఆకు ఎత్తితే ఒక్కొక్క ఈనె తేలుతుంది.

అది అలవాటయ్యాక పక్షి జోలికి రావచ్చు. ఇందాక చెప్పిన నీడబొమ్మ ఇప్పుడు పనికొస్తుంది. పలుచని కాగితంపై దాని అంచు గీసి, కాగితం తిరగేసి పాత రబ్బరు చెప్పు అడుగున దించండి. తిరగేయడం మరిస్తే కుడికి చూసే గూడబాతు ఎడమకు చూస్తుంది. చుట్టూ ఉన్న రబ్బరును చెక్కివేస్తే అచ్చు తయారు. కత్తి పని పెద్దలు దగ్గరుండి చేయించాలి. నల్లరంగు కావాలంటే తుప్పు మేకులు, బెల్లం నీళ్లు మట్టికుండలో రెండు మూడు వారాలు ఉంచితే చాలు. కరక్కాయ నీటిలో ముంచి ఆరబెట్టిన పాత పంచెముక్క మీద అచ్చు గుద్దితే, పెడన రహస్యం మీ వాకిట్లోనే బయటపడుతుంది.

గూడబాతును ఒకసారి చెక్కిన పిల్లవాడు దాని మీదికి రాయి విసరడు. ముక్కు ఎంత పొడుగో, సంచి ఎక్కడ వేలాడుతుందో వాడి వేళ్లకు తెలుసు. రేపు వాడే చెరువు రైతు అవుతాడు, వాడే గుడ్డ కొంటాడు. కొల్లేటికీ పెడనకూ కావలసింది అలాంటివాళ్లే.