థేమ్స్‌ ఒడ్డున పుట్టి.. గోదావరి చిత్రకళకు ఊపిరిపోసిన ఇంగ్లీషు దొర.. ఎవరీ కూల్డ్రే?

రాజమండ్రి అనగానే గోదావరి, పుష్కరాలు, ఆర్థర్ కాటన్ గుర్తొస్తారు. కానీ ఈ ఊరి చిత్రకళ వెనక మరో ఇంగ్లీషు దొర ఉన్నారన్న సంగతి చాలామందికి తెలియదు. ఆయన పేరు ఆస్వాల్డ్ కూల్డ్రే. కవి, రచయిత, చిత్రకారుడు, అన్నిటికీ మించి మంచి మాస్టారు. ఇంతకీ ఆయన ఇక్కడ చేసిందేంటి?

ప్రిన్సిపాల్‌గా వచ్చి..

కూల్డ్రే 1882లో ఇంగ్లాండ్‌లోని అబింగ్డన్‌లో పుట్టారు. అది థేమ్స్ నది ఒడ్డున ఉన్న చిన్న పట్టణం. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకున్న ఆయన 1909లో రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ అయ్యారు. ఓ నది ఒడ్డు నుంచి మరో నది ఒడ్డుకు వచ్చారన్నమాట. పదేళ్ల పాటు ఇక్కడే ఉన్నారు.

మీ కళ మీ దగ్గరే ఉంది

అప్పట్లో బొమ్మలు నేర్చుకోవాలంటే పాశ్చాత్య పద్ధతే గొప్పదన్న అభిప్రాయం బలంగా ఉండేది. పాలించే దేశం నుంచి వచ్చిన కూల్డ్రే మాత్రం శిష్యుల చూపును అజంతా వైపు తిప్పారు. సొంత ఊరిని, సొంత మనుషులను చూసి గీయమన్నారు. క్లాసు పాఠాలతో సరిపెట్టకుండా.. బొమ్మలు వేసే కుర్రాళ్లను, కవిత్వం రాసే కుర్రాళ్లను వెతికి మరీ చేరదీశారు.

ఆ కుర్రాళ్లు ఎవరంటే..

వారిలో ఒకరు దామెర్ల రామారావు. 1897లో రాజమండ్రిలో పుట్టిన ఆయన.. కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జేజే స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివారు. తిరిగొచ్చి సొంతూళ్లోనే చిత్రకళాశాల పెట్టారు. 'పుష్పాలంకరణ', 'నంది పూజ', 'సిద్ధార్థ రాగోదయం' ఆయన గీసినవే. విషాదం ఏంటంటే.. 28 ఏళ్లు కూడా నిండకుండానే 1925లో మశూచితో కన్నుమూశారు. ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారులే. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ కళాశాలను ముందుకు నడిపించారు.

మరో శిష్యుడు అడివి బాపిరాజు. 'నారాయణరావు', 'గోన గన్నారెడ్డి' నవలల రచయితగా ఆయన్ను ఎరగని తెలుగు పాఠకులు తక్కువ. గురువు లాగే ఆయన కూడా కలం, కుంచె రెండూ పట్టారు.

వెళ్లిపోయినా మర్చిపోలేదు

వినికిడి దెబ్బతినడంతో 1919లో కూల్డ్రే ఉద్యోగం వదిలి స్వదేశం వెళ్లిపోయారు. మరుసటి ఏడాదే ఓ కవితల పుస్తకం తెచ్చారు. దాని పేరు 'థేమ్స్ అండ్ గోదావరి'. రెండు నదులనూ ఒకే అట్ట మీద పక్కపక్కన పెట్టారు. 1924లో 'సౌత్ ఇండియన్ అవర్స్' వచ్చింది. దక్షిణాదిలో తాను చూసిన మనుషులు, ఊళ్లు, కళల గురించి అందులో రాశారు. 1958లో ఆయన కన్నుమూశారు.

ఇప్పుడు మిగిలిందేంటి?

కూల్డ్రే పుస్తకాలు ఇప్పుడు పెద్దగా ఎవరూ చదవడం లేదు. అటు ఇంగ్లాండ్‌లోనూ, ఇటు ఆంధ్రాలోనూ ఆయన పేరు తెలిసినవాళ్లు తక్కువే. కానీ ఆయన నేర్పిన చూపు మాత్రం రాజమండ్రిలోనే ఉండిపోయింది. దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీలో ఆ బొమ్మలను ఇప్పటికీ చూడొచ్చు. వాటిలో కనిపించేది మన గోదావరి, మన మనుషులే. వాటిని గీయమని మొదట వెన్నుతట్టింది మాత్రం థేమ్స్ ఒడ్డు నుంచి వచ్చిన ఓ మాస్టారు. ఈసారి రాజమండ్రి వెళ్తే.. గోదావరి స్నానంతో పాటు ఆ గ్యాలరీకీ ఓ గంట కేటాయించండి.