ఎండలు మండినా ‘డి’ విటమిన్ కొరతే
ఆరోగ్యవంతులకు రక్తపరీక్ష అవసరమా?

బిలాస్‌పూర్: ఛత్తీస్‌గఢ్‌లోని ఈ రైల్వే పట్టణంలో పట్టాల వెంట పనిచేసే ట్రాక్‌మన్‌కు, కార్యాలయంలో కూర్చుని పనిచేసే గుమాస్తాకు జీతమిచ్చే ఖజానా ఒకటే. వారి ఒంటికి సోకే ఎండ మాత్రం ఒకటి కాదు. ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమైన బిలాస్‌పూర్‌లో ఉద్యోగాల నిమిత్తం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్దలు ‘డి’ విటమిన్ కోసం రక్తపరీక్ష చేయించుకోవాలా అన్న ప్రశ్న ఇటువంటి పట్టణాల వారందరికీ వర్తిస్తుంది.

ఉష్ణదేశమైన భారత్‌లో ఈ కొరత ఉండదన్న నమ్మకం ఎన్నడో వీగిపోయింది. ఆరోగ్యవంతులలో సైతం ఈ విటమిన్ తక్కువగా ఉందని ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2000లో ప్రకటించారు. ఎండలో ఎక్కువసేపు గడిపే సైనికుల పరిస్థితి మాత్రం మెరుగ్గా ఉన్నట్లు తేలింది. తిరుపతి ప్రాంతంలో 943 మంది పట్టణవాసులను, 205 మంది గ్రామీణులను పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనంలోనూ గ్రామీణుల రక్తంలోనే ఈ విటమిన్ అధికంగా ఉన్నట్లు వెల్లడైంది. అయితే ఉభయుల ఆహారంలోనూ కాల్షియం తక్కువగా ఉండటం గమనార్హం.

ఎండ తగిలినప్పుడు చర్మంలో తయారయ్యే ఈ విటమిన్ కాలేయంలో ఒక రూపాన్ని, ఆపై మూత్రపిండాలలో క్రియాశీల రూపాన్ని పొందుతుంది. పరీక్షలో కొలిచేది కాలేయంలో ఏర్పడే 25-హైడ్రాక్సీ విటమిన్ డిని. ఇందులో సగం తరిగిపోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది. కనుక శరీరంలోని నిల్వకు ఇదే సరైన సూచిక. క్రియాశీల రూపం కొద్ది గంటలే నిలుస్తుంది. పైగా కొరత ఉన్నప్పుడు కూడా అది మామూలుగానే కనిపించవచ్చు.

మిల్లీలీటరు రక్తద్రవంలో 20 నానోగ్రాములు ఉంటే దాదాపు అందరికీ సరిపోతుందని అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2011లో పేర్కొంది. అదే సంవత్సరం అక్కడి ఎండోక్రైన్ సొసైటీ 30ని మేలైన స్థాయిగా సూచించింది. అంటే 25 వచ్చిన వ్యక్తి ఒక లెక్కన ఆరోగ్యవంతుడు, మరొక లెక్కన లోపగ్రస్తుడు. దీనికితోడు పరీక్షా విధానాన్ని బట్టి, రుతువును బట్టి కూడా అంకె మారుతుంది.

కాగా, ఎండోక్రైన్ సొసైటీ 2024లో తన వైఖరిని సవరించుకుంది. ప్రత్యేక కారణమేదీ లేని ఆరోగ్యవంతులకు ఈ పరీక్షను మామూలుగా చేయవద్దని సూచించింది. ఎముకలు మెత్తబడినవారికి, దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధిగ్రస్తులకు, ఆహారం సరిగా ఒంటబట్టని వారికి ఈ సూచన వర్తించదు. వారికి పరీక్ష చేయించాలో లేదో వైద్యుడే నిర్ణయించాలి.

అంకెను చూసి ఆందోళన చెంది సొంతంగా మందులు వాడటంలో ప్రమాదం ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం పెద్దలకు రోజుకు 600 యూనిట్లు కావాలి. మార్కెట్‌లో దొరికే ఇంజెక్షన్లలో కొన్నింట ఒక్కదానిలోనే 6 లక్షల యూనిట్లు ఉంటాయి. వైద్యుని సలహా లేకుండా వాటిని పదేపదే తీసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. కొరత నిజమైనదే అయినా, పరీక్షకు ముందు వైద్యుని సంప్రదించడం అటు ఆరోగ్యానికీ ఇటు జేబుకూ క్షేమకరం.