భ్రమరమూ, కీటకమూ

కొంతకాలం క్రిందట మా బాలల కార్యక్రమానికి వచ్చిన ఒక చిన్నారి, ధ్వనిముద్రణ మొదలయ్యే ముందు, "మీకు ఇష్టమైన పురుగు ఏదండీ?" అని నన్ను అడిగినది. ఇష్టమైన పువ్వు, ఇష్టమైన పండు, ఇష్టమైన పాట అంటే ఎవరైనా తడుముకోకుండా చెబుతారు. పురుగు అనేసరికి నాకు నోరు పెగలలేదు. చివరకు "సీతాకోకచిలుక" అన్నాను. "అది అందరూ చెప్పేదే గదా!" అని ఆ పిల్ల మొగం త్రిప్పుకొన్నది. ఆమె అన్నది నిజం. సీతాకోకచిలుకలో మనం మెచ్చుకొనేది రెక్కల రంగును, పురుగును కాదు. అదే ప్రాణి గొంగళిగా ఉన్నన్నాళ్ళు దానిని చీపురుతో తరుముతాము.

ఆ ప్రశ్నకు సమాధానం నాకు మా ఇంటి రేడియోలోనే దొరికినది. మా తండ్రిగారినాటి చెక్కపెట్టె రేడియో ఒకటి మా ముందుగదిలో ఉన్నది. అది కొన్నాళ్ళుగా గరగర మంటూంటే వెనుక అట్ట విప్పి చూచినాను. పెట్టె మూలలో బొటనవ్రేలంతేసి మట్టి గొట్టాలు నాలుగు, ఒకదాని ప్రక్క ఒకటిగా అతికించి ఉన్నవి. గరగరకూ వాటికీ ఏమీ సంబంధం లేదని తరువాత తేలినది గాని, అప్పటికే నేను కత్తి మొనతో ఒకదానిని పెకలించినాను. అందులోనుంచి సాలెపురుగులు పది పన్నెండు కాగితంమీద రాలినవి. చచ్చినవి కాబోలు ననుకొన్నాను. దీపం దగ్గరకు తెచ్చి చూడగా ఒకదాని కాలి కొస కదులుతున్నది. మరొకదాని కడుపుమీద బియ్యపు నూకవంటి తెల్లని గ్రుడ్డు అంటుకొని ఉన్నది.

నాకు ఒళ్ళు జలదరించినది. ఆ వెనుకనే సిగ్గుకూడా వేసినది. అందుకు కారణం చెప్పాలి. మూడేళ్ళ క్రిందట ఒక ఉదయ ప్రసంగంలో నేను భ్రమరకీటన్యాయాన్ని ఉదాహరించి ఉన్నాను. భ్రమరం ఒక కీటకాన్ని తెచ్చి మట్టిగూటిలో బంధిస్తుందనీ, దాని చుట్టూ తిరుగుతూ ఝుంకారం చేస్తుందనీ, ఆ నాదాన్నే వింటూ, భయంతో ఆ రూపాన్నే తలచుకొంటూ, కీటకం తానే భ్రమరమై వెలువడుతుందనీ చెప్పినాను. దేనిని ఎడతెగక ధ్యానిస్తామో దానిగానే మారుతామనడానికి వేదాంతులు చూపే దృష్టాంతమిది. దృష్టాంతంగా చెప్పి ఊరుకొంటే చిక్కు లేకపోను. "ఇది మన పెరట్లో ప్రతిదినమూ జరిగే సంగతే" అని నేను ఒక వాక్యం చేర్చినాను. ఆ వాక్యాన్ని ఇప్పుడు వెనుకకు తీసుకొంటున్నాను.

పెరట్లో జరిగేది వేరు. నిలిచిన మూడు గదులనూ అట్లాగే ఉంచి, నెల్లాళ్ళపాటు తీరిక దొరికినప్పుడల్లా కనిపెట్టి చూచినాను. భ్రమరమనగా తుమ్మెద అని చెప్పుకొంటాము గాని, తుమ్మెద పురుగులను పట్టి తెచ్చుకోదు; దాని పిల్లలకు పువ్వుల పుప్పొడే ఆహారం. న్యాయంలోని భ్రమరం మన కందిరీగ. అందులోనూ తుట్టె పెట్టి గుంపుగా బ్రతికేది కాదు, ఒంటరిగా మట్టిగూడు కట్టేది. నలుపు ఒడలు, పసుపు కాళ్ళు, తెగిపోతుందేమో ననిపించే దారపు నడుము. మన ఇళ్ళలో తరచుగా కనబడే జాతికి డెన్మార్కు దేశీయుడైన ఫాబ్రిషియస్ 1781లోనే మద్రాసు పట్టణం పేరు కలిపి శాస్త్రనామం పెట్టినాడు. అంతటి పాత పరిచయస్థుణ్ణి మనం చీపురుతో పలకరిస్తున్నాము.

పరిచయస్థుణ్ణి అన్నాను గాని, శ్రమించేదంతా ఆడుది. మా కొళాయి క్రింద తడిసిన నేలమీద వ్రాలి, శనగగింజంత మట్టి ఉండ చేసి, దవడలతో పట్టుకొని కిటికీలోనుంచి లోపలికి వస్తుంది. రేడియోలో పనిచేసేవాణ్ణి గనుక నా చెవి ముందుగా పట్టుకొన్నది దాని శబ్దాన్ని. ఎగిరి వచ్చేటప్పుడు ఒక శ్రుతి. మట్టిని అద్దేటప్పుడు అంతకంటె ఎంతో హెచ్చు శ్రుతి. సన్నగా, పట్టుదలగా వినవస్తుంది. అప్పుడు రెక్కలు ముడుచుకొనే ఉంటవి. ఎగరడానికి పనికివచ్చే కండరాలనే అదరిస్తూ, ఆ అదురును దవడలగుండా మట్టిలోనికి పంపుతుంది. అదిరిన తడిమట్టి సడలి, పారి, క్రింది పొరలో కలసిపోతుంది. మేస్త్రీలు ఇంటి కప్పు పోసేటప్పుడు కాంక్రీటులో యంత్రపు గొట్టం దింపి అదరగొట్టడం మీరు చూచే ఉంటారు. రెండింటిలోని కిటుకూ ఒకటే. పూర్వులు విన్న ఝుంకారం బహుశః ఇదే. వారి చెవి పొరపాటు పడలేదు. ఆ నాదం లోపలి కీటకానికి ఉపదేశమనుకొన్నారు. అది గోడకు పెట్టే మెత్తు.

గది సిద్ధమైన తరువాత వేట. సాలెపురుగును పట్టి కొండితో పొడుస్తుంది. చంపదు. కాళ్ళూ చేతులూ పడిపోయేటట్లు చేస్తుంది, అంతే. చంపితే మన ఎండలకు రెండు రోజులలో కుళ్ళిపోతుంది. ప్రాణంతో ఉంచితే మాంసం తాజాగా ఉంటుంది. ఒకదానిమీద గ్రుడ్డు పెట్టి, గది నింపి, మూత వేసి వెళ్ళిపోతుంది. గ్రుడ్డు పగిలి వచ్చిన పిల్లపురుగు ఆ నిలవను ఒక్కటొక్కటిగా తిని, గూడు అల్లుకొని, రూపు మారి, మట్టిని కొరికి కందిరీగగా బయటకు వస్తుంది. మా ఇంట్లో మూత వేసిననాటినుండి కన్నం పడేవరకు ఇంచుమించు నెల పట్టినది. లోపలికి పోయినది ఒకరు. బయటకు వచ్చినది వేరొకరు.

కుండవంటి గూడు కట్టే మరొక కందిరీగ ఉన్నది. సన్నని మెడ, విచ్చుకొన్న అంచు. కుమ్మరి సారెమీదినుండి ఇప్పుడే దించినట్లుంటుంది. ఇది గొంగళి పురుగులను తెస్తుంది గనుక న్యాయంలోని "కీటకం" అనే మాట దీనికే ఎక్కువగా అతుకుతుంది. పొడిచినా గొంగళులు కొంత మెలికలు తిరుగుతూనే ఉంటవి. వాటి నడుమ గ్రుడ్డు పెడితే నలిగిపోతుంది. అందుచేత ఈ తల్లి ముందుగానే కుండ కప్పునుంచి సన్నని దారంతో గ్రుడ్డును వ్రేలాడదీసి, ఆ తరువాతనే ఆహారం నింపుతుంది. పిల్ల ఉయ్యాలలో ఉండగానే క్రింద వంట సిద్ధమన్నమాట.

ఈ దారాన్ని కనిపెట్టినవాడు ఫ్రాన్సు దేశపు బడిపంతులు ఫాబర్. 1823లో పుట్టి 1915లో పోయినాడు. ఆయనకు ముందు ద్యుఫూర్ అనే వైద్యుడు ఒక జాతి కందిరీగ గూళ్ళలో దాచిన పెంకుపురుగులు ఎన్నాళ్ళకూ చెడకపోవడం చూచి, అవి చచ్చినవే గాని కందిరీగ వాటిలో ఏదో చెడిపోకుండా కాపాడే మందు ఎక్కిస్తున్నదని తలచినాడు. ఫాబర్ గూళ్ళు త్రవ్వి, వేటను కళ్ళారా చూచి, ఆ పురుగులు చావనే లేదనీ, కొండి నాడుల కూడలికి తగిలి చలనం మాత్రమే పోయినదనీ 1855లో ప్రకటించినాడు. ద్యుఫూర్‌కూ మన వేదాంతులకూ తేడా కొద్దిపాటిదే. ఇరువురూ గూటిని చూచినారు, ఇరువురూ సరిగానే చూచినారు. మూత వెనుక జరిగినదానిని మాత్రం ఊహించినారు.

ఇంత నేర్పు గల ప్రాణికి బుద్ధి ఎంత? ఫాబర్ దానినీ పరీక్షించినాడు. మన ఇంటి కందిరీగకు దగ్గరి చుట్టమైన జాతి ఒకటి ఆయన ఊళ్ళో పొయ్యి గొట్టాలదగ్గర గూడు కట్టేది. గ్రుడ్డుతో ఉన్న సాలెపురుగును ఆయన తీసివేసినాడు. కందిరీగ మరొకటి తెచ్చినది, దానినీ తీసినాడు. రెండు రోజులలో ఇరవై తెచ్చినది, ఇరవైయూ పోయినవి. చివరకు ఏమీ లేని గదికి శ్రద్ధగా మూత వేసి వెళ్ళినది. ఇంకొకసారి గూటిని గోడనుంచి ఊడదీస్తే, గూడు ఉండిన ఖాళీ చోటుమీదనే మట్టి మెత్తుతూ కూర్చున్నది.

అయితే దీనిని వట్టి యంత్రమని త్రోసివేయడానికీ వీలు లేదు. నేలలో బొరియ చేసే మరొక జాతిమీద హాలండు శాస్త్రజ్ఞుడు టిన్‌బర్జెన్ ఒక పరీక్ష చేసినాడు. బొరియ చుట్టూ దేవదారుజాతి చెట్ల కాయలను వలయంగా పేర్చి, కందిరీగ వాటికి అలవాటు పడిన తరువాత వలయాన్ని ప్రక్కకు జరిపినాడు. వేటతో తిరిగివచ్చినది వలయం నడుమనే వ్రాలి బొరియకోసం వెదకినది. అనగా అది చుట్టుప్రక్కల గుర్తులను చూచి జ్ఞాపకం పెట్టుకొంటున్నది. ఆయనకు 1973లో నోబెల్ బహుమానం వచ్చినది. ఇంటి పని తెలియక నేనూ ఇటువంటి పరీక్షే చేసినాను. దుమ్ము దులపడానికి రేడియోను జానెడు జరిపితే, మా కందిరీగ పాతచోట గాలిలో తిరుగుతూ చాలాసేపు తడబడినది. తిరిగి యథాస్థానంలో పెట్టినదాకా నాకు మనసు కుదుట పడలేదు. ఇష్టం ఏర్పడినదని అప్పుడే తెలిసినది.

ఇష్టపడడమంటే కళ్ళు మూసుకోవడం కాదు. పురుగుల ఒంటిలో గ్రుడ్లు పెట్టి వాటిని బ్రతికుండగానే లోపలినుంచి తినిపించే కందిరీగల చుట్టాలున్నవి. దయాళువైన దైవం కోరి అటువంటివాటిని సృష్టించినాడని తనను తాను ఒప్పించుకోలేక పోతున్నానని డార్విన్ 1860లో ఒక మిత్రునికి వ్రాసినాడు. ఆ బాధకు నావద్ద మందు లేదు. కాగితంమీద కదిలిన ఆ కాలి కొస నాకు ఇప్పటికీ గుర్తే.

గృహస్థులకు రెండు మాటలు. ఇవి గుంపుగా ఎగబడి కుట్టేవి కావు. చేతితో పట్టుకొంటేనో, నలిపితేనో తప్ప సామాన్యంగా మనిషి జోలికి రావు. మగవాటికి కొండియే లేదు. కాని కన్నం కనబడితే విడిచిపెట్టవు గనుక వాడని విద్యుత్ ప్లగ్గు కన్నాలను మూసి ఉంచడం మంచిది. 1996 ఫిబ్రవరిలో అట్లాంటిక్ మహాసముద్రంలో ఒక విమానం కూలి 189 మంది మరణించినారు. గాలి వేగాన్ని కొలిచే గొట్టం మూసుకుపోవడమే అందుకు మూలమనీ, మూత లేకుండా ఉన్న ఆ గొట్టంలో ఇటువంటి కందిరీగ గూడు కట్టి ఉండవచ్చుననీ నిపుణులు అనుమానించినారు.

మొన్న ఆ చిన్నారి మరల మా కార్యక్రమానికి వచ్చినది. నా సమాధానం మార్చుకొన్నానని చెప్పి, కన్నం పడిన గదిని అగ్గిపెట్టెలో తెచ్చి చూపినాను. మట్టి అదురు సంగతి, ఉయ్యాల సంగతి ఆమెకు బాగా నచ్చినవి. భాగవతంలో అవధూత చెప్పుకొన్న ఇరవైనలుగురు గురువులలో ఈ కందిరీగ ఒకటని కూడా చెప్పినాను.

"మరి అందులో సాలెపురుగు లేదా?" అని అడిగినది.

"అదీ ఉన్నది" అన్నాను.

పెట్టెను అటూ ఇటూ త్రిప్పి చూచి, "అయితే నాకు సాలెపురుగు ఇష్టం" అన్నది. సాలెపురుగుకు ఎనిమిది కాళ్ళనీ, శాస్త్రం ప్రకారం అది కీటకాలలో చేరదనీ చెప్పబోయినాను. అంతలో ఎర్రదీపం వెలిగినది.