మీకు తెలుసా? కంప్యూటర్ చేసిన పంచాయితీ
హెవీవెయిట్ బాక్సర్లలో ఎవరు గొప్ప? ఈ పేచీ తేల్చడానికి 1969లో అమెరికాలో కంప్యూటర్‌నే పెద్దమనిషిగా కూర్చోబెట్టారు. ఆడిన 49 పోటీలూ గెలిచి రిటైరైన రాకీ మార్సియానో ఒకవైపు, వియత్నాం యుద్ధానికి వెళ్లనన్నందుకు బరికి దూరమైన ముహమ్మద్ అలీ మరోవైపు. ఇద్దరూ రకరకాల ముగింపులతో కెమెరా ముందు ఉత్తుత్తి పోరు నటించారు. అందుకోసం మార్సియానో బాగా బరువు తగ్గాడు, విగ్గు కూడా పెట్టుకున్నాడు! 1970 జనవరిలో థియేటర్లలో వేసిన సినిమాలో కంప్యూటర్ తీర్పు మేరకు 13వ రౌండ్‌లో ఆయనే నాకౌట్‌తో గెలిచాడు. కానీ అది చూడ్డానికి ఆయన లేడు. 1969 ఆగస్టు 31న విమాన ప్రమాదంలో పోయాడు. యూరప్‌లో చూపిన ప్రతిలో మాత్రం గెలుపు అలీదట. యంత్రానికీ ప్రాంతాభిమానం ఉంటుంది కాబోలు! మా ఓటు మాత్రం 1937 నుంచి 1949 దాకా టైటిల్ వదలకుండా, 25 సార్లు నిలబెట్టుకున్న జో లూయీకే.