గోలీ చేసిన గుంట

పిల్లలూ! చంద్రుడిలో కుందేలును మీరంతా చూసే ఉంటారు. దుర్భిణితో చూస్తే అక్కడ గుండ్రని గుంటలు ఎన్నో కనిపిస్తాయి. అటువంటి గుంట ఎలా పడుతుందో ఇవాళ మన పెరట్లోనే చేసి చూద్దాం.

వెడల్పాటి పాత పళ్ళెం, పొడి ముగ్గుపిండి, జల్లించిన ఇటుకపొడి, ఒక గోలీ, కొలబద్ద తెచ్చుకోండి. పళ్ళెం కింద పాత కాగితాలు పరచండి. ముగ్గుపిండిని 2 అంగుళాల మందాన పోసి, నొక్కకుండా చదును చేయండి. పైన ఇటుకపొడి పలచగా చల్లండి. పొడి కళ్ళలో పడకుండా చూసుకోండి.

గోలీని అడుగు ఎత్తునుంచి వదలండి. గుంట వెడల్పు కొలిచి రాసుకోండి. మళ్ళీ చదును చేసి, ఈసారి 4 అడుగుల ఎత్తునుంచి వదలండి. ఎత్తు నాలుగింతలయితే వేగం రెండింతలవుతుంది. గోలీ అదే, పిండీ అదే; గుంట మాత్రం పెద్దదయింది! చుట్టూ గట్టు లేచింది. అడుగునున్న తెల్లపిండి చిమ్మి, ఎర్రపొడి మీద చారలుగా పడింది. చంద్రుడి మీద టైకో అనే గుంట ఉంది. దాని వెడల్పు సుమారు 85 కిలోమీటర్లు. పున్నమినాడు దాని చుట్టూ కనిపించే తెల్లచారలు ఇలా చిమ్మినవే.

ఇప్పుడు ఎదురుగా ఎవరూ లేకుండా చూసి, గోలీని బాగా ఏటవాలుగా విసరండి. గుంట కోలగా వచ్చింది కదూ? మరి ఆకాశంనుంచి రాళ్ళు ఎక్కువగా ఏటవాలుగానే వస్తాయి. చంద్రుడి మీది గుంటలు దాదాపు అన్నీ గుండ్రంగానే ఎందుకున్నాయి? ఈ చిక్కు తెగకనే, అవి అగ్నిపర్వతాల బిలాలని చాలామంది శాస్త్రజ్ఞులు ఎంతోకాలం నమ్మారు.

అమెరికాలో ఆరిజోనా ఎడారిలో సుమారు 1200 మీటర్ల వెడల్పు గుంట ఒకటి ఉంది. అది ఆకాశంనుంచి పడిన ఇనుపముద్ద చేసినదేనని డేనియల్ బారింజర్ అనే గనుల ఇంజనీరు నమ్మాడు. ఆ ముద్ద అడుగున ఉండే తీరుతుందని 1903లో ఆ స్థలం సంపాదించి తవ్వకం మొదలుపెట్టాడు. పాతికేళ్ళు దాటినా, సొమ్మంతా ఖర్చయినా, ముద్ద దొరకలేదు. అది చాలావరకు ఆవిరైపోయి ఉంటుందని 1929లో మౌల్టన్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు లెక్కగట్టి చెప్పాడు. ఆ ఏడే బారింజర్ కన్నుమూశాడు.

సెకనుకు 11 కిలోమీటర్లకు మించిన వేగంతో వచ్చిన రాయి నేలను తాకగానే దాని శక్తి వేడిగా మారి, బాంబులా పేలుతుంది. పేలుడు అన్ని వైపులకూ సమంగా తోస్తుంది. అందుకే రాయి ఏటవాలుగా వచ్చినా గుంట గుండ్రంగా ఉంటుంది. రాయి మాత్రం మిగలదు. 1960లో ఆ గుంటలో కోయెసైట్ అనే ఖనిజం దొరికింది. అది పుట్టాలంటే విపరీతమైన ఒత్తిడి కావాలి. ఆ గుంట ఆకాశంనుంచి పడినదాని వల్ల ఏర్పడిందన్న బారింజర్ మాట అలా రుజువయింది.

ఇక పిండిలోంచి మీ గోలీ తీసుకుని జేబులో వేసుకోండి. పాపం, బారింజర్ అన్నేళ్ళు వెతికింది అటువంటి గోలీకోసమే!