కప్ప గుడ్లకు ఎండ దెబ్బ

కోడిగుడ్డుకు పెంకు ఉంటుంది. కప్ప గుడ్డుకు పెంకు లేదు. జిగురులాంటి పదార్థం మాత్రమే దానికి రక్ష. అందుకే నిస్సారమైన నీటిలో సూర్యకాంతి సులభంగా లోపలి పిండాన్ని తాకుతుంది. ఆ కాంతిలోని అతినీలలోహిత కిరణాలు ఏం చేస్తాయో తెలుసుకుందాం.

ఈ కిరణాలు ఎ, బి, సి అని మూడు రకాలు. సి రకం నేలకు చేరదు. బి రకంలో ఎక్కువ భాగాన్ని ఓజోన్ పొర పీల్చుకుంటుంది. మిగిలినది కిందికి వచ్చి కణాల్లోని డి.ఎన్.ఎ.ను దెబ్బతీస్తుంది. అంటార్కిటికా పైన ఓజోన్ పొర బాగా పలచబడిందని 1985లో బయటపడింది. చాలా దేశాల్లో కప్పలు తగ్గిపోతున్నాయని 1989లో ఇంగ్లండులోని కాంటర్‌బరీలో జరిగిన శాస్త్రవేత్తల మహాసభలో గుర్తించారు. ఈ రెంటికీ సంబంధం ఉందా?

అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో ఆండ్రూ బ్లాస్టీన్ బృందం దీన్ని పరీక్షించింది. ప్రయోగశాలలో కాదు, క్యాస్కేడ్ పర్వతాల్లో కప్పలు గుడ్లు పెట్టే నీటిలోనే. కొన్ని గుడ్లను ఎండకు వదిలారు. కొన్నింటి పైన బి కిరణాలను ఆపే పొర కప్పారు. మరికొన్నింటి పైన ఆ కిరణాలను పోనిచ్చే పొర కప్పారు. ఈ మూడోది ఎందుకు? పొర కప్పడం వల్లే తేడా వచ్చిందేమో అన్న అనుమానం తీరడానికి.

1994లో ఫలితాలు ప్రకటించారు. క్యాస్కేడ్స్ కప్ప, వెస్ట్రన్ టోడ్ అనే రెండు జాతుల్లో, బి కిరణాలు ఆపిన చోట ఎక్కువ గుడ్లు పొదిగాయి. పసిఫిక్ చెట్టుకప్ప గుడ్లకు మాత్రం ఏ తేడా లేదు. కారణం ఫోటోలయేజ్ అనే ఎంజైము. అది కాంతి సాయంతోనే డి.ఎన్.ఎ.ను బాగుచేస్తుంది. చెట్టుకప్ప గుడ్లలో అది ఎక్కువగా ఉంది.

కథ ఇక్కడితో ఆగలేదు. 2001లో వెలువడిన పరిశోధన మరో సంగతి చెప్పింది. వాన, మంచు తగ్గిన ఏడాది కుంటల్లో నీటి లోతు తగ్గుతుంది. లోతు తగ్గితే గుడ్లకు బి కిరణాలు ఎక్కువ తగులుతాయి. అలా బలహీనపడిన గుడ్లను సాప్రొలెగ్నియా అనే నీటి బూజు పట్టి చంపుతుంది. అయితే ఆకులు కుళ్ళి గోధుమరంగు తిరిగిన నీరు ఈ కిరణాలను అడ్డుకుంటుందని, ఆ ప్రాంతంలోని చాలా కుంటలకు ఈ రక్షణ ఉందని 2002లో మరో బృందం చూపింది.

కాబట్టి నేరం ఎండ ఒక్కదానిదే అనలేం. కైట్రిడ్ అనే శిలీంధ్రం, చిత్తడి నేలల నాశనం ఇంకా పెద్ద శత్రువులు. నేడు ప్రపంచంలోని ఉభయచర జాతుల్లో సుమారు 41 శాతం ప్రమాదంలో ఉన్నాయి. ఒక మంచి వార్త కూడా ఉంది. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం వల్ల ఓజోన్ పొర మెల్లగా కోలుకుంటోంది. మనుషులు కలిసి పూనుకుంటే చెడినది బాగవుతుందనడానికి ఇదే సాక్ష్యం.

మిత్రులారా! ఈ వానాకాలం మన ఊరి గుంటలో కప్ప గుడ్లు కనిపిస్తే కర్రతో కెలకకండి. ఆ గుంటను చెత్తతో పూడ్చకండి. పెంకు లేని ఆ గుడ్డుకు నీటి లోతే గొడుగు. ఆ గొడుగును మనం కాపాడుదాం.